బంగారు పళ్ల మీద తెల్ల నంబరు

నీటితొట్ల శాఖ అంటూ ఒకటి ఉందని చాలామందికి తెలియదు. ఊళ్లలో పశువులు నీళ్లు తాగే సిమెంటు తొట్లు ఎన్ని ఉన్నాయో, వాటిలో ఎన్ని పగిలాయో చూసి పైకి రాసే శాఖ అది. తొట్లలో నీళ్లు పోయించడం మాత్రం దాని పని కాదు. ఆ పనికి ఇంకో శాఖ ఉంది, అది ఎక్కడుందో నీటితొట్ల శాఖకు తెలియదు.

కదిరిలో ఆ శాఖకు మూడు గదుల ఆఫీసు, ఒక సహాయ సంచాలకుడు, ఒక సూపరింటెండెంటు, ఒక అటెండరు, ఒక కంప్యూటరు, ఆ కంప్యూటరు ముందు కూర్చోవడానికి హైమావతి ఉన్నారు. హైమావతిది శ్రీకాకుళం జిల్లా టెక్కలి. ఉద్యోగం మాత్రం రాష్ట్రానికి ఈ కొసన వచ్చిపడింది. భర్త టెక్కలిలోనే బడిపంతులు. మూడేళ్ల కూతురు చిట్టి అతని దగ్గర, ఆడపడుచు కనిపెట్టి చూసుకుంటుంటే పెరుగుతోంది. కంప్యూటరు తెలిసిన మనిషి ఆఫీసులో ఒక్కతే కాబట్టి, సెలవు అడిగినప్పుడల్లా సహాయ సంచాలకుడు దణ్ణం పెట్టి మరీ లేదనేవాడు. అలా ఊరు మొహం చూసి తొమ్మిది నెలలైంది. మూడేళ్ల పిల్లకు తొమ్మిది నెలలంటే వెనకటి యుగం. రోజూ సాయంత్రం ఫోన్లో తల్లి మొహం మాత్రమే చూస్తూ పెరిగిన ఆ పిల్ల ఒకరోజు ఉన్నట్టుండి అడిగింది.

“అమ్మా, నీకు కాళ్లున్నాయేటి?”

హైమావతి పకపకా నవ్వింది. ఫోన్ పెట్టేశాక ఏడ్చింది. ఈసారి బదిలీల్లో ఎలాగైనా శ్రీకాకుళం వెళ్లి తీరాలని ఆ సాయంత్రమే గట్టిగా అనుకుంది. బదిలీలు మూడేళ్లకోసారి. కోరేవాళ్లు ఫలానా శుక్రవారం సాయంత్రం అయిదు లోపల తమ ఆఫీసు కంప్యూటరు నుంచే కోరిక పంపాలి, మరెక్కడి నుంచి పంపినా చెల్లదు. ఇంకా పది రోజుల గడువుంది కదా, చివరి రోజున పంపొచ్చని శాఖలో అందరిలాగే హైమావతీ ధీమాగా ఉంది. సరిగ్గా అప్పుడే ప్రధాన కార్యాలయం నుంచి ఉత్తర్వు దిగింది.

“ప్రభుత్వ వస్తువు ప్రతిదానిపైనను, దాని విడి భాగములన్నింటిపైనను, మెరుపు కలిగి కంటికి ప్రస్ఫుటముగా కానవచ్చు చోట తెల్లరంగుతో స్టాకు నంబరు వేయవలెను. నంబరు లేని వస్తువు లేనట్లే పరిగణింపబడును.”

సహాయ సంచాలకుడు వజ్రాల చెన్నకేశవులు ఆ కాగితాన్ని కళ్లకద్దుకున్నాడు. ఆయనకు ఉత్తర్వు వస్తే పండగే. అందులోనూ ఆయన దగ్గర ఓబులేసు ఉన్నాడు. అటెండరు ఓబులేసు ఈ ఉద్యోగంలోకి రాకముందు బోర్డులు రాసేవాడు. కదిరి బజారులో సగం దుకాణాల పేర్లు ఆయన చేతివే. ఇరవై ఏళ్లుగా టీలు మోసి మోసి ఆ చేయి ఎండిపోయింది. ఇప్పుడు కుంచె పట్టుకోమనగానే మనిషి ఆ ఇరవై ఏళ్లూ వెనక్కి వెళ్లిపోయాడు.

మొదట బీరువాలకు వేశాడు. తర్వాత బల్లలు, కుర్చీలు, కుర్చీల ఒక్కో కాలు. ఫ్యానుకు వేశాక దాని మూడు రెక్కలకూ వేశాడు. గుండుసూది డబ్బాకు వేస్తే, సూదుల సంగతేమిటని చెన్నకేశవులు అడిగాడు. సూదులకు కూడా వేయగలను గానీ చదవగలిగే ఆడిటరు పుట్టలేదని ఓబులేసు వినయంగా మనవి చేశాడు. రంగు డబ్బాకు నంబరు పడింది. కుంచెకు వేద్దామంటే కుంచె తన మీద తాను రాసుకోలేదు. రెండో కుంచె తెప్పించి దానితో మొదటిదాని మీద, మొదటిదానితో రెండోదాని మీద రాయించారు. ఆ రోజు ఆఫీసు మొత్తం చప్పట్లు కొట్టింది.

చివరికి మిగిలింది కంప్యూటరు. అది కంపెనీ నుంచి అట్టపెట్టెలో వచ్చింది కాదు. బజారులో మస్తాన్ అనే మెకానిక్కు విడిభాగాలు తెచ్చి బిగించి ఇచ్చింది. అందువల్ల స్టాకు రిజిస్టరులో అది ఒక వస్తువుగా లేదు, పదకొండు వస్తువులుగా ఉంది. పదకొండుకూ నంబర్లు పడాలి. ఆ శనివారం డబ్బా విప్పారు. లోపల ర్యామ్ అనే పచ్చటి పట్టీ ఒకటి ఉంది, వేలెడు పొడుగు. దాని అంచున బంగారు రంగు పళ్లు వరసగా మిలమిలా మెరుస్తున్నాయి. ఉత్తర్వులో మెరుపు కలిగిన చోట అని ఉంది. ఇంతకన్నా మెరిసే చోటు ఆఫీసులో లేదు. ఓబులేసు పిల్లలు బొమ్మలకు వాడే నీళ్లరంగు తెప్పించుకుని, కుంచెలో నాలుగు వెంట్రుకలే ఉంచి, ఊపిరి బిగబట్టి ఆ పళ్ల మీద నీ.తొ.శా/కది/7/11 అని రాశాడు. జన్మలో అంత సన్నటి పని చేయలేదని ఆయనకే అనిపించింది. తర్వాత పట్టీని యథాస్థానంలో నొక్కి, డబ్బా మూసి, మర మేకుల మీద లక్క పోసి ఆఫీసు ముద్ర వేశారు.

సోమవారం ఉదయం హైమావతి మీట నొక్కింది. డబ్బాలో నీలం దీపం వెలిగింది, ఫ్యాన్లు తిరిగాయి. ఆ వెంటనే కీ... కీ... కీ... అని మూడుసార్లు పొడుగ్గా కూసింది. తెర మాత్రం నల్లగా ఉంది. నో సిగ్నల్ అని ఒక మూల కాసేపు రాసి, అదీ పడుకుంది.

హైమావతి తీగలు పీకి మళ్లీ పెట్టింది. ఆపి మళ్లీ వేసింది. మళ్లీ మూడు కూతలు, మళ్లీ చీకటి. గడువు శుక్రవారం.

సూపరింటెండెంటు దేవదానం వచ్చి చూసి, దీనిమీద నోట్ పెట్టమన్నాడు. నోట్ చదివి చెన్నకేశవులు తీర్పు చెప్పాడు. ఫ్యాన్లు తిరుగుతున్నవి, దీపము వెలుగుచున్నది, శబ్దము కూడా చేయుచున్నది, కావున డబ్బా తన విధులు నిర్వర్తిస్తున్నది. విధి నిర్వహణలో అలసత్వము చూపుచున్నది తెర ఒక్కటే. హైమావతి పక్కనున్న పశువైద్యశాలలో బతిమాలి ఇంకో తెర తెచ్చింది. అది పెట్టి చూస్తే దోషం తెరదో కాదో అరనిమిషంలో తేలిపోతుంది. కానీ గుమ్మం దగ్గరే దేవదానం ఆపాడు. దానికి మన శాఖ నంబరు లేదు. నంబరు లేనిది లేనట్టే. లేని తెర మీద బొమ్మ కనబడినా అది కనబడినట్టు కాదు. ఆ తెర అలాగే తిరిగి వెళ్లిపోయింది.

మంగళవారం హైమావతి ఉండబట్టలేక మస్తాన్‌కు ఫోన్ చేసి, డబ్బా కూతను నేరుగా అతనికి వినిపించింది. మస్తాన్ ఒక్కసారి విని నవ్వాడు.

“ర్యామ్ అక్కా అది. మూడు పొడుగు కూతలంటే వేరే ఏం లేదు. బయటికి తీసి, దాని పళ్లను రబ్బరుతో బాగా రుద్ది, టిక్కుమనేదాకా మళ్లా నొక్కు. రెండు నిమిషాల పని.”

ఆ రెండు నిమిషాల పనికి అనుమతి కోసం హైమావతి అధికారి గదిలోకి వెళ్లింది. రబ్బరు అన్న మాట వినగానే దేవదానం లేచి నిలబడ్డాడు. ముప్ఫై ఒక్క ఏళ్ల సర్వీసులో ఆయన ఎన్నడూ రబ్బరు ముట్టలేదు. ప్రభుత్వ రికార్డులో తప్పు పడితే అడ్డగీత కొట్టి పక్కన సంతకం చేస్తారు గానీ, చెరపడం అనేది నేరం. చెన్నకేశవులు గొంతు తగ్గించి, ఇటువంటి పదములు కార్యాలయ ప్రాంగణమున ఉచ్చరింపవలదని సలహా ఇచ్చాడు. అయితే ఆయన కర్కోటకుడేమీ కాదు. లక్కముద్ర తీసి లోపలి పరిస్థితిని స్వయంగా పరిశీలించడానికి ముగ్గురితో ఒక కమిటీ వేశాడు. అధ్యక్షుడు తాను, సభ్యుడు దేవదానం, సాక్షి ఓబులేసు.

బుధవారం కమిటీ కూర్చుంది. పంచనామా రాసి, ముద్ర పగలగొట్టి డబ్బా తెరిచారు. ఓబులేసు పచ్చ పట్టీని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకున్నాడు. వెనక నిలబడ్డ హైమావతికి ఆ క్షణంలోనే అంతా అర్థమైపోయింది. బంగారు పళ్లు గాడిలో తగిలితే కదా కంప్యూటరుకు కళ్లు తెరుచుకునేది, ఆ పళ్ల మీదే ఈ చివర నుంచి ఆ చివర దాకా తెల్లరంగు. సార్, ఆ నంబరు వల్లే, అని చెప్పబోయింది. చెన్నకేశవులు చెయ్యెత్తి ఆపి, భూతద్దం తెప్పించుకుని, నంబరును అక్షరం అక్షరం పైకి చదివాడు. రిజిస్టరుతో సరిపోయింది. ఒక్క చుక్క కూడా చెరిగి లేదు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. పదకొండు భాగాలనూ అలాగే చూసి నివేదిక చెప్పి రాయించాడు.

“పదకొండు భాగములకును పదకొండు నంబర్లు చెక్కుచెదరక ఉన్నవి. కావున సదరు కంప్యూటరు పూర్తి స్థాయిలో పనిచేయుచున్నట్లుగా కమిటీ ఏకగ్రీవముగా నిర్ధారించినది.”

మళ్లీ లక్క కరిగింది, ముద్ర పడింది.

ఇక్కడితో చిక్కు విడిపోలేదు, కొత్తగా బిగుసుకుంది. నిన్నటిదాకా పనిచేయని కంప్యూటరు ముందు ఊరికే కూర్చున్నా అడిగేవాళ్లు లేరు. ఇప్పుడది కాగితం మీద పనిచేస్తున్న కంప్యూటరు. గురువారం పొద్దున్నే చెన్నకేశవులు వచ్చి కుర్చీ లాక్కుని, నల్లటి తెర ముందు కూర్చుని, మండలాల వారీగా పగిలిన తొట్ల వివరాలు చెప్పసాగాడు. హైమావతి చీకట్లోకి టైపు చేసింది. మధ్యలో ఆయన, మూడో పేరాలో అక్షరదోషం ఉందేమో చూడమన్నాడు. ఆమె నల్లటి తెరలోకి తొంగిచూసి లేదంది. దేవదానం కూడా ఒకసారి వంగి చూసి, మార్జిను కాస్త ఎక్కువైందన్నాడు. హైమావతికి నవ్వు పొర్లుకొచ్చింది, చీరకొంగు నోట్లో కుక్కుకుంది. మధ్యాహ్నానికల్లా ఆ ఇద్దరూ తెరకు అలవాటు పడిపోయారు. ఇదివరకు తెల్లగా ఉండి కళ్లు మంట పుట్టేవి, ఇప్పుడు హాయిగా ఉందని చెన్నకేశవులు అన్నాడు.

ఈలోగా కమిటీ నివేదిక ప్రధాన కార్యాలయానికి చేరింది. కంప్యూటరు లోపలి భాగాలకు సైతం, అందునా పళ్లకు సైతం, నంబర్లు వేసిన కార్యాలయం రాష్ట్రంలో ఇదొక్కటే. అభినందన వచ్చింది. వెనకే అన్ని జిల్లాలకూ తాఖీదు వెళ్లింది, కదిరి పద్ధతిని ఆదర్శంగా తీసుకుని సాయంత్రంలోగా అమలుచేసి తెలియజేయమని. ఎలా రాయాలో చూపిస్తూ ఓబులేసు చేతి ఫోటో కూడా జతచేశారు. సాయంత్రం నుంచి హైమావతికి ఫోన్లు మొదలయ్యాయి. నంద్యాల, నర్సీపట్నం, బాపట్ల, పార్వతీపురం. తెలిసిన వాళ్లంతా ఒకటే మాట, మా కంప్యూటరు మూడుసార్లు కూసి చచ్చిపోయింది, మీరేం చేశారు అని. ఏం చేశామని చెబుతుంది. పనిచేస్తున్నట్టు నిర్ధారించామంది.

శుక్రవారం మధ్యాహ్నం చెన్నకేశవులు, దేవదానం జీపులో తొట్ల తనిఖీకి వెళ్లారు. ఆఫీసులో హైమావతి, ఓబులేసు మిగిలారు. గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది. దాని ముళ్లకు కూడా నంబర్లున్నాయి, పెద్ద ముల్లు 9/3.

హైమావతి సంచిలోంచి రబ్బరు ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. మామిడిపండు ఆకారంలో, మామిడిపండు వాసనతో ఉండే పిల్లల రబ్బరు. తొమ్మిది నెలల క్రితం చిట్టి కోసం బస్టాండులో కొన్నది, ఇవ్వడానికి వెళ్లడం పడక సంచిలోనే ఉండిపోయింది. దాన్ని చూడగానే ఓబులేసుకు సంగతి తెలిసిపోయింది. బుధవారమే ఆమె మొహంలో చదివాడాయన. అయినా ఏమీ ఎరగనట్టు కిటికీ వైపు చూశాడు.

ఆమె దాచలేదు. ఆ అక్షరాలు చెరిపితే తప్ప తెర వెలగదని, అయిదు దాటితే ఇంకో మూడేళ్లు ఇక్కడే అని, పిల్ల తనకు కాళ్లున్నాయో లేదో అడుగుతోందని చెప్పింది. ఓబులేసు కిటికీలోంచి బజారు వైపు చెయ్యి చూపించాడు.

“బజార్లో నేను రాసిన బోర్డులన్నీ పీకేసినారమ్మా. ఇప్పుడంతా అచ్చు బోర్డులే. నా చేతిరాత అంటూ మిగిలింది ఈ ఆఫీసులోనే. అందులో దీనంత బాగా యాడా కుదర్లేదు.”

హైమావతి రబ్బరు మళ్లీ సంచిలో పెట్టేసుకోబోయింది. ఇంకొకరి బతుకులో మిగిలిన ఒక్క మంచి పనిని తన కోసం చెరపమని ఎలా అడుగుతుంది. ఓబులేసు చెయ్యి చాచాడు.

“ఇట్లియ్యండి. రాసినోన్ని నేనే, నేనే చెరుపుతా. మీరు చెరిపితే నేరం. నేను చెరిపితే నా తప్పు నేను దిద్దుకున్నట్ల.”

లక్క పగిలింది. ఓబులేసు పట్టీని ఒళ్లో పెట్టుకుని, పసిపిల్లకు పళ్లు తోమినంత మెల్లగా రుద్దాడు. గది నిండా మామిడిపండు వాసన. నీ పోయింది, తొ పోయింది, శా పోయింది. కది దగ్గర ఒక్క క్షణం ఆగి, మొహం పక్కకు తిప్పుకుని అదీ రుద్దేశాడు. పళ్లు బంగారంలా బయటపడ్డాయి. టిక్కుమనేదాకా నొక్కాడు. హైమావతి మీట వేసింది. ఫ్యాన్లు తిరిగాయి. ఒక్కటంటే ఒక్క కూత, అదీ పొట్టిది. తెర తెల్లగా వెలిగింది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని చిన్నపిల్లల్లా నవ్వారు. నాలుగు యాభై రెండుకు హైమావతి కోరిక వెళ్లిపోయింది. అయిదుకు లక్క ఆరింది, ముద్ర కుదిరింది. సగం అరిగిన మామిడిపండు మళ్లీ సంచిలోకి చేరింది.

తర్వాతి వారం ప్రధాన కార్యాలయంలో కలకలం రేగింది. అక్కడి కంప్యూటర్లకు నంబర్లు వేయలేదు, ఎందుకంటే ఉత్తర్వు కిందివాళ్లకే. ఆ వెలిగే తెరల ముందు కూర్చుని వాళ్లు చూస్తే, అన్ని జిల్లాలూ ప్రశాంతంగా ఉన్నాయి. ఒక్క నివేదిక లేదు, ఒక్క ఫిర్యాదు లేదు, ఒక్క బదిలీ కోరిక లేదు. శాఖ పుట్టిన తర్వాత ఇంత క్రమశిక్షణ ఎప్పుడూ చూడలేదు. దాన్ని చెడగొడుతూ కదిరి నుంచి మాత్రం రోజుకో ఉత్తరం వస్తోంది. వెంటనే మెమో బయలుదేరింది, చెన్నకేశవులు గారి ద్వారా హైమావతికి.

“ఇతర జిల్లాల కంప్యూటర్లన్నియు నిబంధనల మేరకు నడుచుకొనుచుండగా, మీ కంప్యూటరు ఒక్కటే ఎందుకు వెలుగుచున్నదో మూడు దినములలో సంజాయిషీ సమర్పించవలెను.”

చెన్నకేశవులు వణికిపోయాడు. ఆయనకు తెర వెలిగిన సంగతే నచ్చలేదు, కళ్ల మంట మళ్లీ మొదలైంది. డబ్బా విప్పి చూద్దామంటే మళ్లీ కమిటీ వేయాలి, నంబరు లేదని తేలితే పోయిన వారం తాను చేసిన సంతకం ఏమవుతుంది. కాబట్టి లోపల నంబరు ఉండి తీరాలి. ఉన్నా వెలుగుతున్నదంటే తప్పు కంప్యూటరుదే. ఏదో ఒకటి రాసి గండం గట్టెక్కించమని హైమావతిని బతిమాలాడు. ఆమె రాత్రంతా ఆలోచించనక్కర్లేకపోయింది, అయిదు నిమిషాల్లో రాసిచ్చింది.

“అయ్యా, సదరు కంప్యూటరు పొరపాటున పనిచేసినది. ఇకముందు ఇటువంటిది జరగకుండా తగు జాగ్రత్త తీసుకొనబడునని మనవి.”

సంజాయిషీ సంతృప్తికరంగా ఉందని పైనుంచి జవాబు వచ్చింది. ఆ జవాబుతోపాటే ఇంకో కాగితం కూడా వచ్చింది. ఈ ఏడాది రాష్ట్రం మొత్తం మీద బదిలీ కోరినది ఒక్కరే అయినందున, పోటీ లేనందున, కోరిన చోటే ఇవ్వడమైనది అని. హైమావతి ఆ కాగితాన్ని నాలుగుసార్లు చదివింది. కాళ్లు నేల మీద ఆనలేదు.

ఆఫీసు వదిలిపెట్టే రోజు బాధ్యతలు అప్పగించాలి. అప్పగింత కాగితంలో అన్ని భాగాలకూ నంబర్లు ఉన్నట్టు రాయాలి. అధికారులిద్దరూ రాకముందే ఓబులేసు డబ్బా విప్పి, పట్టీ తీసి, బంగారు పళ్ల మీద మళ్లీ నీ.తొ.శా/కది/7/11 అని రాశాడు. ఈసారి ఇంకా బాగా కుదిరింది. మీట వేశారు. మూడు కూతలు కూసింది, తెర నల్లబడింది. చెన్నకేశవులు కళ్లు నులుముకుని, హాయిగా ఊపిరి పీల్చుకుని, అన్నీ సక్రమంగా ఉన్నట్టు సంతకం చేశాడు.

గుమ్మం దగ్గర దేవదానం ఆపాడు. కార్యాలయం నుంచి బయటికి పోయే ప్రతిదానికీ నంబరు ఉండాలని నిన్ననే కొత్త ఉత్తర్వు వచ్చిందట. ఉద్యోగి కూడా శాఖదే కదా అన్నాడు. మనిషి మీద వేయడం బాగుండదని అంతా తర్జనభర్జన పడ్డాక, చెప్పుల మీద వేయాలని తేలింది. హైమావతి చెప్పులు విడిచి ఇచ్చింది. ఓబులేసు గుమ్మంలో గొంతుక్కూర్చుని, మడమ పక్కన, ఇంతకుముందు ఎవరికీ రాయనంత శ్రద్ధగా ఏదో రాసి, రంగు ఆరేదాకా ఊదాడు. పోయిరమ్మా అన్నాడు. ఆమె రాత వంక చూడకుండానే చెప్పులు తొడుక్కుని తలూపింది.

మర్నాడు టెక్కలిలో రైలు దిగి ఇంటికి చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. చిట్టి వాకిట్లో నిలబడి ఉంది. పరిగెత్తుకుంటూ రాలేదు. మొహం వంక అసలు చూడలేదు, ఆ మొహం రోజూ చూసేదే. తల వంచి, తల్లి చీర కుచ్చిళ్ల కిందికి తదేకంగా చూసింది. కూర్చుని ఒక కాలు వేలితో తాకింది. తర్వాత రెండోది తాకింది. అప్పుడు చెప్పుల మీది తెల్ల రాత కంటబడింది.

“ఇదేటమ్మా?”

హైమావతి ఒక చెప్పు తీసి చూసింది. కుదురైన, గుండ్రటి అక్షరాల్లో ఓబులేసు నంబరేమీ వేయలేదు. పసిపిల్ల కూడా కూడబలుక్కుని చదువుకునేంత పెద్దగా, అమ్మ కాళ్లు అని రాశాడు.

ఆమె పిల్లను ఎత్తుకుంది. సంచిలోంచి సగం అరిగిన మామిడిపండు రబ్బరు తీసి చేతిలో పెట్టింది. చిట్టి దాన్ని వాసన చూసి, వెంటనే చెప్పు మీది రాత రుద్దబోయింది. హైమావతి గబుక్కున ఆ చిన్న చెయ్యి పట్టుకుని ఆపింది.